టార్చికి సెల్లులు అడిగితే చేతికందినవి ఇస్తున్నారు

సంపాదకుడు గారికి,

వానాకాలం వచ్చిందంటే మా దేవరకొండ వైపు రైతులు రాత్రిపూట టార్చి లేకుండా బావి దగ్గరికి పోరు. మోటరు నడుస్తుందో లేదో, నీళ్లు ఏ మడికి పారుతున్నాయో చూడాలంటే గట్ల మీద నడవాల్సిందే. కట్లపాము తిరిగేదీ రాత్రే. అట్లాంటి చోట చిన్న లైటు సగం దారిలో మసకబారితే ప్రాణం మీదికి వస్తుంది. అయినా ఊరి దుకాణాల్లో సెల్లులు అమ్మే పద్ధతి చూస్తే బాధేస్తుంది.

పెన్సిల్ సెల్లులు రెండు ఇవ్వమంటే డబ్బాలో చెయ్యి పెట్టి దొరికినవి ఇస్తారు. తయారీ నెల, సంవత్సరం ఎవరూ చూడరు. ఎండాకాలమంతా రేకుల షెడ్డులో ఉడికిన సెల్లు వాడకముందే సగం చచ్చిపోతుంది. ఇంట్లో వాళ్లేమో పాతదొకటి, కొత్తదొకటి కలిపి వేస్తారు. అప్పుడు పాతది ముందు ఖాళీ అయి, కారడం మొదలుపెడుతుంది. టార్చి మూత తిప్పితే స్ప్రింగు నిండా తెల్లటి పొక్కు, తుప్పు కనిపించేది అందుకే. టార్చిని నెలల తరబడి వాడకపోతే సెల్లులు తీసి పక్కన పెట్టడం మేలు.

చవకగా దొరికే మామూలు జింక్ సెల్లు గోడ గడియారానికి, టీవీ రిమోట్‌కు సరిపోతుంది. ఎల్‌ఈడీ టార్చి కరెంటు ఎక్కువ లాగుతుంది కాబట్టి దానికి ఆల్కలైన్ సెల్లు వేయాలి. ధర ఎక్కువైనా అంతకు మించి వెలుగుతుంది. రోజూ వాడేవాళ్లకైతే చార్జింగ్ పెట్టుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులే లాభం. వాటి మీద 1.5 బదులు 1.2 వోల్టులని ఉంటుంది, దానికి కంగారు పడనక్కర్లేదు, చాలా టార్చిలు వాటితో బాగానే పనిచేస్తాయి.

అసలు భయం లిథియం సెల్లులతోనే. 14500 అనే రకం అచ్చం పెన్సిల్ సెల్లులాగే ఉంటుంది, కానీ 3.7 వోల్టులు. 1.5 వోల్టుల టార్చిలో వేస్తే బల్బు మాడిపోవచ్చు. అంగట్లో అమ్మే 18650 అనే కాస్త లావుపాటి లిథియం సెల్లులు కొన్నింటి మీద 9900 ఎంఏహెచ్ (సెల్లులో ఎంత చార్జి పడుతుందో చెప్పే లెక్క) అని వేస్తున్నారు. అది పచ్చి అబద్ధం. ఆ సైజులో పేరున్న కంపెనీల సెల్లులకే 3500 దాటడం అరుదు. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు లేని లిథియం సెల్లు ఎంత చవకగా ఇచ్చినా కొనవద్దని పాఠకులను వేడుకుంటున్నాను.

అయిపోయిన సెల్లుల సంగతి మరీ ఘోరం. పెంట కుప్పలోకి విసిరేస్తున్నారు, ఆ చెత్తకు నిప్పు పెడుతున్నారు. లిథియం సెల్లు మంటలో పేలుతుంది, పక్కనే పిల్లలు ఆడుకుంటుంటారు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన సెల్లులను ఇంటి చెత్తలో కలపకూడదు, వాటిని వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులది. కానీ పల్లెలో ఎవరికి ఇవ్వాలి?

తూనికలు కొలతల శాఖ అధికారులు అంగళ్లలో, కిరాణా దుకాణాల్లో తయారీ తేదీ, ధర లేని సెల్లులను తనిఖీ చేయాలి. ప్రతి రైతు వేదికలో పాత సెల్లులకు ఒక డబ్బా పెట్టి, నిండాక కంపెనీలకు చేర్చే పని పంచాయతీలు చూడాలి. రైతుల సమావేశాల్లో ఎరువులు, పురుగుమందులతో పాటు ఈ విషయమూ ఐదు నిమిషాలు చెప్పమని వ్యవసాయ అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా