సండే స్కూలు టీచర్‌కూ థియాలజీ కావాలి

సంపాదకులకు నమస్కారం.

లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గరున్న ఆంధ్రా క్రిస్టియన్ థియోలాజికల్ కాలేజీ 1964లో రాజమండ్రిలో మొదలై, 1973లో హైదరాబాద్ వచ్చింది. మన పాస్టర్లు ఎందరో అక్కడ థియాలజీ, అంటే దైవశాస్త్రం, చదివినవాళ్లే. మరి చర్చి సంఘంలో మిగతావాళ్ల సంగతేమిటి?

ఆదివారం ప్రసంగం పాస్టరుగారిదే. కానీ ఇంటింటి ప్రార్థన కూటాల్లో వాక్యం చెప్పేది, పిల్లలకు పాఠం చెప్పేది మామూలు విశ్వాసులే. మా సంఘంలో సండే స్కూలు చూసేది ఒక బ్యాంకు ఉద్యోగిని. శనివారం రాత్రి యూట్యూబ్ చూసి పాఠం సిద్ధం చేసుకుంటారు. మొన్న ఓ పిల్లాడు, "టీచర్, ఆదికాండం మొదటి అధ్యాయంలో జంతువుల తర్వాత మనిషి. రెండో అధ్యాయంలో ఆదాము తర్వాత జంతువులు. ఏది ముందు?" అన్నాడు. "అలా అడక్కూడదు నాన్నా" అని ఊరుకోబెట్టారామె. ఆమెను ఏమనగలం? ఎవరైనా నేర్పితే కదా!

థియాలజీ డిగ్రీలిచ్చే సెరంపూర్ సెనేట్ సామాన్య విశ్వాసుల కోసం దూరవిద్యలో క్రిస్టియన్ స్టడీస్ కోర్సులు పెట్టింది. ఆ ప్రకటన మా గుడిలో నేనెప్పుడూ వినలేదు. కమిటీ ఎన్నికల ప్రకటన మాత్రం వారాల ముందే వినిపిస్తుంది! కేథలిక్కుల్లోనైతే గృహస్థ విశ్వాసుల పరిచర్య మీద వాళ్ల బిషప్పుల రెండో వాటికన్ మహాసభ 1965లోనే ప్రత్యేక డిక్రీ (అధికారిక పత్రం) ఇచ్చింది.

నగరంలోని థియోలాజికల్ కాలేజీలు శనివారం సాయంత్రాలు తెలుగులో క్లాసులు పెట్టాలి. ఫీజులో సగం సంఘాలు భరించాలి. సీట్లు ముందుగా సండే స్కూలు టీచర్లకు, స్త్రీల సమాజం వాళ్లకు ఇవ్వాలి.

— ఒక సంఘ సభ్యుడు, పద్మారావునగర్, హైదరాబాద్