ఆదివారం సినిమా: వేసేవాళ్లకూ చూసేవాళ్లకూ

అందరికీ నమస్తే. ఈ ఆదివారం ఎంవీపీ కాలనీ మేడ మీద పరాజనోవ్ తీసిన ‘షాడోస్ ఆఫ్ ఫర్‌గాటెన్ ఆన్సెస్టర్స్’ (1965). ఉక్రెయిన్‌లోని కార్పేతియన్ కొండల్లో హుత్సుల్ అనే కొండవాసుల పల్లె, పగబట్టిన రెండు కుటుంబాల పిల్లలు ఇవాన్, మారిచ్కాల ప్రేమ. మారిచ్కా చనిపోయాక (సగం లోపే తెలిసిపోతుందిలెండి) ఇవాన్ ఒంటరితనం నలుపు తెలుపుల్లో నడుస్తుంది. ప్రొజెక్టర్ పాడైందనుకుని కేబుల్ పీకకండి! ఇవాన్ గురించి ఊరివాళ్లు చెప్పుకునే మాటలు, మనుషులు కనిపించకుండా, ఆ నలుపు తెలుపు భాగంలోనే వినిపిస్తాయి. అందుకే స్పీకర్ తెర పక్కనే పెట్టి, బేస్ (గంభీరమైన కింది స్థాయి శబ్దం) తగ్గించండి.

సబ్‌టైటిల్స్ సెకనుకు 25 ఫ్రేముల (బొమ్మల) వేగానికి చేసినవి, మన సినిమా ఫైలు 24. నిమిషానికి రెండున్నర సెకన్ల చొప్పున ముందే వచ్చేస్తాయి. సినిమా వేసే వీఎల్‌సీ ప్లేయర్‌లో హెచ్ (సబ్‌టైటిల్స్‌ను ఆలస్యం చేసే కీ) నొక్కితే అప్పటికి కుదురుతాయి, కాసేపటికి మళ్లీ తప్పుతాయి. అందుకే ‘సబ్‌టైటిల్ ఎడిట్’ అనే సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్ రేటు 25 నుంచి 24కి మార్చి, చివరి పది నిమిషాలు వేసి చూసుకోండి.