కైసరు నాణెం, మన ఓటు

శ్రీకాకుళం,
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

మొన్న ఫోన్లో నువ్వన్న మాట ఇంకా మనసులోంచి పోలేదు. “చర్చి సంగతులు చర్చిలోనే ఉంచండిరా, రాజకీయాల్లోకి ఎందుకు?” అన్నావు. నేను జవాబు చెప్పేలోగా నీ బస్సు వచ్చేసింది. ఇక్కడ సాయంత్రం నుంచీ ఒకటే వాన, కరెంటు కూడా లేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

సగం నీ మాటే నిజం. ఎన్నికల ముందు ఒక ఆదివారం, ఒక చర్చిలో ప్రసంగం చివర ఫలానా గుర్తుకే ఓటెయ్యాలని చెప్పారు. నా పక్కనున్న ముసలావిడ కళ్ళు మూసుకుని “ఆమెన్” అంది. ఆవిడ దాన్ని దేవుని మాటగానే తీసుకుంది. దేవుడికి ఎదురు చెప్పలేని మనిషి దగ్గర దేవుడి పేరు చెప్పి ఓటు లాక్కోవడం అన్యాయంరా. ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు.

మిగతా సగం మాత్రం ఒప్పుకోను. రోమా చక్రవర్తి కైసరుకి పన్ను కట్టాలా వద్దా అని అడిగితే, “కైసరువి కైసరునకును, దేవునివి దేవునికిని” అన్న యేసు మాట నీకూ తెలుసు. దాన్ని చాలామంది రెండు గదుల మధ్య గోడలా చెబుతారు. నాణెం మీద ఎవరి బొమ్మ ఉందని ఆయన ముందు అడిగాడు చూడు. నాణెం మీదది కైసరు బొమ్మ. మరి మనిషి? దేవుడు మనిషిని తన స్వరూపంలో చేశాడని బైబిలు మొదటి పుస్తకం ఆదికాండం చెబుతోంది. పన్ను కట్టొచ్చు గానీ, మనిషిని మొత్తంగా ఏ ప్రభుత్వానికీ అప్పజెప్పకూడదని నేను అర్థం చేసుకున్నాను.

మా బాప్టిస్టు శాఖ క్రైస్తవుల్లో థామస్ హెల్విస్ అని ఇంగ్లండాయన ఒకడున్నాడు. రాజు కూడా చచ్చిపోయే మనిషే, ప్రజల ఆత్మల మీద అతనికి అధికారం లేదని 1612లో రాశాడు. ఆ స్వేచ్ఛ తన వాళ్ళకి మాత్రమే అడగలేదు, ముస్లింలకీ యూదులకీ కూడా అడిగాడు. జైల్లో వేశారు. మా ఆదివారం బడిలో ఇది ఎవరూ చెప్పలేదు, నాకు బాధగా ఉంటుంది.

ఆ స్వేచ్ఛ సంగతి మన దేశంలోనూ వచ్చింది. 1985లో కేరళలో యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖ పిల్లలు ముగ్గురు జాతీయగీతానికి మర్యాదగా నిలబడ్డారు గానీ, తమ విశ్వాసం ఒప్పుకోదని పాడలేదు; అందుకు బడిలోంచి తీసేశారు. వాళ్ళ బోధ నేను ఒప్పుకోను. అయినా 1986లో సుప్రీంకోర్టు ఆ పిల్లల పక్షాన నిలబడింది. తీర్పు రాసింది మన తెలుగాయన, జస్టిస్ చిన్నప్పరెడ్డి. మన రాజ్యాంగం సహనం పాటిస్తుంది, దాన్ని పలచన చెయ్యొద్దన్నాడు. చదివినప్పుడు కళ్ళు చెమర్చాయి.

“అయితే నమ్మకం ఉన్నవాడు బయట ఎలా మాట్లాడాలి?” అంటావు. అమెరికాలో నల్లవాళ్ళ హక్కుల కోసం పోరాడిన పాస్టరు మార్టిన్ లూథర్ కింగ్‌ని చూడు. 1963లో బర్మింగ్‌హామ్ జైల్లోంచి రాసిన ఉత్తరంలో, అన్యాయమైన చట్టం చట్టమే కాదన్న పాతకాలపు క్రైస్తవ పండితుడు అగస్టీన్ మాట ఎత్తాడు. అక్కడితో ఆగలేదు. ఎక్కువమంది తాము పాటించని చట్టాన్ని తక్కువమంది మీద రుద్దితే అది అన్యాయమన్నాడు. నల్లవాళ్ళని ఓటెయ్యనివ్వకుండా చేసిన చట్టం వాళ్ళనెలా కట్టేస్తుందని అడిగాడు. దీనికి బైబిలు నమ్మక్కర్లేదు బావా, నువ్వూ తూకం వెయ్యగలవు. ధైర్యం ప్రార్థనలోంచి తెచ్చుకున్నాడు, కారణం మాత్రం అందరి ముందూ పెట్టాడు. జాన్ రాల్స్ అనే తత్వవేత్త కూడా చివరికి ఇలాంటి దారే ఒప్పుకున్నాడు: మతం మాట ఎత్తొచ్చు, కానీ తగిన సమయంలో, ఏ మతంవాళ్ళైనా తూకం వెయ్యగల కారణాలూ చూపించాలని.

మన ఉద్దానం సంగతే తీసుకో. కిడ్నీ జబ్బుతో మంచం పట్టినవాళ్ళ గురించి చర్చి నోరు మూసుకుంటే అది పాపమనే నేనంటాను. కలెక్టరు గారి దగ్గరికి వెళ్ళినప్పుడు మాత్రం వాక్యం ఒక్కటే చదివితే చాలదు. మంచినీళ్ళు, డయాలసిస్, దారి ఖర్చులు అని విడమర్చి చెప్పాలి. అది పక్క వీధి రామాలయం కమిటీవాళ్ళు కూడా సంతకం పెట్టగలిగే అర్జీ అవ్వాలి.

శనివారం యువజన కూటంలో నన్ను మాట్లాడమన్నారు. ఆ ఓటు ప్రసంగం తప్పని చెప్పబోతున్నాను. పెద్దలు కోప్పడతారేమోనని టెన్షన్‌గానే ఉంది. మార్టిన్ లూథర్ కింగ్ గురించి నేను చెప్పింది నీకెక్కడ నప్పలేదో శుక్రవారంలోగా ఫోన్ చేసి చెప్పు. అత్తకి నా నమస్కారాలు.

నీ బావ