ఫిర్యాదు ఫోటోని వాట్సాప్‌లో అడగొద్దు

సంపాదకులకు నమస్కారం.

ఫోటోల్లో రహస్య సందేశాలు దాచి పంపుతున్నారని, తెరిస్తే కొంప మునుగుతుందని ఈ మధ్య ఫార్వర్డులు తెగ తిరుగుతున్నాయి. మా అత్తయ్య భయపడి దేవుడి బొమ్మలతో పాటు మనవడి అన్నప్రాశన ఫోటోలు కూడా చెరిపేసింది. ఫోటోలో దాచిన మాట దానంతటది ఏమీ చేయదు. దాన్ని బయటికి తీసే ప్రోగ్రామ్ వేరే ఉండాలి.

స్టెగనోగ్రఫీ అనే ఈ పని చాలా సులువు. ఫోటోలో ప్రతి చుక్కకీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు అంకెలుంటాయి, ఒక్కొక్కటి 0 నుంచి 255 దాకా. 200ని 201 చేస్తే ఏ కంటికీ తెలియదు. అలా ప్రతి అంకెలో చివరి బిట్ (కంప్యూటర్ అంకెని రాసుకునే 0, 1లలో చివరిది) వాడుకుంటే, 12 మెగాపిక్సెల్ ఫోటోలో దాదాపు 45 లక్షల ఇంగ్లీషు అక్షరాలు పడతాయి. తెలుగుకి మూడింతల చోటు కావాలి, అయినా 15 లక్షలు!

మా మేనల్లుడు మారతహళ్లిలో ఒక చిన్న డిజైన్ ఆఫీసు నడుపుతున్నాడు. అక్కడి కంప్యూటర్ నుంచి బయటికి వెళ్లిన ఉగాది శుభాకాంక్షల పీఎన్‌జీ (ఒక్క బిట్ కూడా పోకుండా దాచే రకం ఫైల్) బొమ్మ ఒకటి వాడి కంటపడింది. నాలుగు మామిడాకులు, ఒక పచ్చడి గిన్నె. దానికి 9 ఎంబీ ఎందుకు? విప్పి చూస్తే లోపల కస్టమర్ల ధరల పట్టిక. పెన్ డ్రైవ్‌లో వేసుకుని పోలీస్ స్టేషన్‌కి ఫిర్యాదుకి వెళ్తే, కౌంటర్‌లో ఉన్నాయన "ఇవన్నీ ఎందుకు బాబూ, నా నంబరుకి వాట్సాప్‌లో పెట్టు" అన్నారట. పెట్టాడు. వాట్సాప్ ఫోటోని కుదించి జేపీఈజీగా మారుస్తుంది కదా, ఆ కుదింపులో చివరి బిట్లన్నీ చెదిరిపోతాయి. ఆయన ఫోన్‌కి చేరింది ఉత్త ఉగాది పచ్చడి.

దాచిన సందేశాలు అరుదే కావచ్చు. కానీ మామూలు ఫోటోలో ఉండే తీసిన తేదీ, స్థలం, ఫోన్ మోడల్ వివరాలు కూడా అలా పంపితే పోతాయి. బెదిరింపు ఫోటోతో వచ్చిన ఆడపిల్ల ఫిర్యాదుకైనా ఇదే గతి.

చట్టం మాత్రం స్పష్టంగానే ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ (కోర్టు సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు ఇచ్చే ధ్రువపత్రంలో ఫైల్ హ్యాష్ రాయాలి. హ్యాష్ అంటే ఫైల్ వేలిముద్ర, ఒక్క బిట్ మారినా అది మారిపోతుంది. కుదించిన కాపీకి వేలిముద్ర తీసి ఏం లాభం?

పెన్ డ్రైవ్ పెడితే వైరస్ వస్తుందన్న భయం సబబే. అందుకు నెట్‌తో సంబంధం లేని పాత కంప్యూటర్ ఒకటి చాలు. అసలు ఫైల్ తీసుకుని, ఫిర్యాదుదారు ముందే హ్యాష్ తీసి రసీదు మీద రాసివ్వాలి. వాట్సాప్ తప్పదంటే కనీసం 'డాక్యుమెంట్‌గా పంపండి' అని కౌంటర్ దగ్గర కన్నడం, తెలుగు, తమిళం, హిందీల్లో ఒక కాగితం అంటించాలి. అలా పంపితే ఫైల్ ఉన్నది ఉన్నట్టే చేరుతుంది.

మావాడి పెన్ డ్రైవ్ ఇంకా బీరువాలోనే ఉంది.

— ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు