మోగిన ఫోన్ మాదాకా రానివ్వండి

సంపాదకులకు నమస్కారం.

నేను పలాసలో ఒక జీడిపప్పు పరిశ్రమలో పొట్టు తీసే పని చేస్తాను. మా ఆయన సైన్యంలో జమ్మూ వైపు ఉన్నారు. 2025 మే 7న ఆపరేషన్ సిందూర్ మొదలైంది మొదలు, 10న కాల్పులు ఆగేదాకా మా ఇంట్లో ఎవరికీ సరిగా నిద్ర లేదు. పని మాత్రం ఆగలేదు. మామగారికి డయాలసిస్ (మాది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం, వేరే చెప్పక్కర్లేదు). యుద్ధమని ఆ రోజు వాయిదా పడదు కదా.

మాకు కూలి కిలోల లెక్కన. చెయ్యి వణికితే గుండు (నిండు పప్పు) కాస్తా విరిగి బద్ద అయిపోతుంది. బద్దకు ధర తక్కువ, పైగా మేస్త్రీతో మాట పడాలి. పనిలో ఉన్నంతసేపూ ఆడవాళ్ల ఫోన్లు గేటు దగ్గర పెట్టెలో ఉంటాయి. బాయిలర్ దగ్గరి మగవాళ్ల ఫోన్లు వాళ్ల జేబుల్లోనే! కరాచీ రేవు ధ్వంసమైందని ఛానెళ్లు చెప్పిన అబద్ధాన్ని మాకు మోసుకొచ్చింది వాళ్లే. మా ఆయనకు ఎప్పుడో ఒక్క నిమిషం వీలు దొరికేది. నేను ఎత్తకపోతే బావగారికి చేసేవారు. "బాగానే ఉన్నాడంట" అని సాయంత్రం బావగారు నాకు చెప్పేవారు. అంతే.

ఇంటికెళ్తే టీవీలో సైరన్ మోత, అత్తగారికి బీపీ. ఆ మోత వాడొద్దని కేంద్రం ఛానెళ్లకు చెప్పింది గానీ, 10వ తేదీన! శ్రీ సత్యసాయి జిల్లా జవాను మురళీ నాయక్ వీరమరణం వార్త వచ్చిన రోజు చుట్టాలంతా నాకే ఫోన్ చేశారు. నేను ఏడిస్తే "జవాను పెళ్లానివి, ఏడవకూడదు" అన్నారు. బావగారు అరుగు మీద కూర్చుని ఏడ్చారు, ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు. అనాలని నా ఉద్దేశం కాదు.

7న విశాఖలో మాక్ డ్రిల్ పెట్టారు, మంచిదే. మళ్లీ అలాంటి రోజులొస్తే మాకూ ఒక ఏర్పాటు కావాలి. జవాన్ల ఇళ్ల ఆడవాళ్ల ఫోన్లు యజమానులు మేస్త్రీ బల్ల మీద ఉంచి, మోగితే పిలవాలి. ఆ కాసేపటికి కూలి కోసుకున్నా ఫర్వాలేదు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం వారు జవాను తండ్రి, అన్నల నంబర్లతో సరిపెట్టకుండా భార్య నంబరు కూడా రాసుకుని, కబురు ముందు ఆమెకే చెప్పాలి.

– ఒక జవాను భార్య, కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా