కొలత బల్ల దగ్గర రెండో మనిషి

సంపాదకులకు,

అంగన్‌వాడీలో ఆయా అంటే ఊడ్చి, వండి పెట్టే మనిషనే చాలామంది అనుకుంటారు. ఆయా పోస్టు ఖాళీగా ఉన్న కేంద్రంలో బరువులు, ఎత్తులు తీసే రోజున ఒక గంట కూర్చుంటే ఆ మాట అనలేరు.

రెండేళ్లలోపు బిడ్డను బల్ల మీద పడుకోబెట్టి పొడవు కొలవాలి. ఇది ఇద్దరి పని. ఒకరు తలను రెండు చేతులతో పట్టుకుని నడినెత్తి తలవైపు పలకకు ఆనించాలి. రెండోవారు మోకాళ్లను మెల్లగా అదిమి, కాళ్లు చాచి, జరిగే పలకను అరికాళ్లకు తాకించి అంకె చదవాలి. ఒక్కరే చేస్తే ఏదో ఒకటి వదిలేయక తప్పదు. మోకాలు వంగితే పొడవు తగ్గి, చక్కగా ఎదుగుతున్న బిడ్డ గిడసబారినట్టు లెక్కలోకెక్కుతుంది. తల పలకకు ఆనకపోతే పొడవు ఎక్కువొచ్చి, నిజంగా గిడసబారిన బిడ్డ కంటపడకుండా పోతుంది. ఏడుస్తున్నాడని నిలబెట్టి కొలిస్తే దాదాపు 0.7 సెంటీమీటర్లు తక్కువొస్తుంది. పిల్లల ఎదుగుదల నమోదు చేసే పోషణ్ ట్రాకర్ యాప్‌లోకి వెళ్లేది ఈ అంకెలే. తప్పు యాప్‌ది కాదు, టీచరుదీ కాదు. రెండు చేతులు తక్కువయ్యాయి, అంతే.

మధ్యాహ్నం సంగతీ ఇంతే. ఉడికిన గుడ్డులో పచ్చసొన పొడిగా ఉండి మూడేళ్ల పిల్లల గొంతులో పట్టేస్తుంది. చిన్న ముక్కలు చేసి, కూర్చోబెట్టి, పక్కన నీళ్లుంచి తినిపించాలి. అంతకుముందు ఒక్కొక్కరికీ సబ్బుతో 20 సెకన్లు చేతులు కడిగించాలి. ఇరవై మందికి ఆ కడగడానికే దాదాపు ఏడు నిమిషాలు పడుతుంది. అదే గదిలో పొయ్యి మీద పప్పు మరుగుతుంటే, టీచరు ఒక్కరే ఎటు చూడాలి? మన విజయవాడ కొండవాలు ఇళ్ల నుంచి పసివాళ్లను మెట్లు దింపి తీసుకురావడం కూడా తేలిక పనేం కాదు.

2019లో ఆయాల వేతనం రూ.7,000 చేశారు. 2023 డిసెంబరులో మొదలై 42 రోజులు సాగిన సమ్మెలో టీచర్లతో పాటు వాళ్లూ రోడ్డెక్కారు. వేతనం పెరగాల్సిందే, అందులో నాకు రెండో ఆలోచన లేదు. దానితో పాటు కొలతల శిక్షణకు టీచరును పిలిచినప్పుడు ఆయానూ పిలవాలి, బల్ల దగ్గర ఇద్దరి చేతా చేయించి చూడాలి. ఆయా సెలవు పెడితే బదులుగా ఇంకో మనిషిని చూపాలి. ఖాళీలు నిండేదాకా కనీసం కొలతల రోజున పక్క కేంద్రం ఆయాను పంపే ఏర్పాటు ప్రాజెక్టు అధికారులు వెంటనే చేయాలని కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, విజయవాడ