కోరింగ నుంచి ఆలస్యంగా వచ్చాం

ప్రియమైన తల్లిదండ్రులకు,

నమస్కారం. మొన్న శనివారం కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవి చూసి వస్తున్న ఎనిమిదో తరగతి పిల్లల బస్సు స్కూలుకు చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర దాటింది. ఆరింటికల్లా వచ్చేస్తామని మీకు చెప్పింది నేనే. మీరంతా ఎంత టెన్షన్ పడ్డారో బస్సు దిగగానే మీ మొహాల్లో కనిపించింది. క్షమించండి. ఇందులో డ్రైవర్ తప్పు లేదు, పిల్లల తప్పు అసలే లేదు. సముద్రం పోటు వేళ కనుక్కోకుండా తేదీ ఖాయం చేశాను.

మడ అడవి అంటే సముద్రం ఒడ్డున ఉప్పునీటి బురదలో పెరిగే అడవి. అందులో పడవ కదలాలంటే కాలవలో నీళ్లుండాలి. పోటు మీద నీళ్లు లోపలికి వస్తాయి, ఆటు మీద బురద తేలుతుంది. ఈ వేళలు రోజురోజుకూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి. మేము పదకొండింటికి వెళ్లేసరికి కాలవ అడుగున బురదే ఉంది. పడవ నడిపే పెద్దాయన అటు ఒకసారి చూసి, "మూడైతే గానీ కదలదమ్మా" అన్నారు.

అలా నాలుగు గంటలకు పైగా ఆగిపోయాం. పిల్లలు ఇప్పుడు రోజూ చెప్పుకుంటున్నది మాత్రం ఆ నాలుగు గంటల గురించే.

చెక్కల వంతెన మీద బోర్లా పడుకుని కిందికి చూశారు. బురదలో పెన్సిళ్లు గుచ్చినట్టు వేల వేర్లు పైకి లేచి ఉన్నాయి. ఉప్పు బురదలో గాలి ఆడదు కాబట్టి మడచెట్టు ఆ వేర్లతోనే ఊపిరి పీలుస్తుంది. వాటి మధ్య ఒక పెద్ద డెక్క, ఒక చిన్న డెక్క ఉన్న ఎర్రటి పీతలు తిరుగుతున్నాయి. రెక్కల మీద పాకుతూ బురదలో గెంతే చేపలూ ఉన్నాయి. పెద్దాయన ఒక మడ ఆకు తెంపి, వెనక వైపు నాలికతో తాకి చూడమన్నారు. ఉప్పగా ఉంది! వేర్లు పీల్చుకున్న ఉప్పును ఆ చెట్టు ఆకుల్లోంచి బయటికి పంపేస్తుంది. పాఠంలో నేను ఎన్నిసార్లు చెప్పినా ఎక్కని విషయం నాలిక మీద ఒక్క క్షణంలో ఎక్కింది. పక్కనే ఉన్న తిల్ల చెట్టును మాత్రం ముట్టుకోనివ్వలేదు, దాని పాలు కంట్లో పడితే ప్రమాదం.

ఉప్పు పొన్న కాయలు చెట్టు మీద ఉండగానే మొలకెత్తి ములక్కాడల్లా వేలాడతాయి. కింద రాలినవి ఏరి, అటవీ సిబ్బంది చూపించిన చోట బురదలో గుచ్చాం. అక్కడే ఒక అమ్మాయి మోకాలి దాకా దిగబడిపోయింది. ముందుగా పరుగెత్తింది ఎవరో తెలుసా? అర్ధసంవత్సర పరీక్షల నుంచి ఆ అమ్మాయితో మాట మానేసిన స్నేహితురాలు. బురదలో బోర్లా పడుకుని, రెండు చేతులూ పట్టుకుని లాగింది. కాళ్లు వచ్చాయి, చెప్పులు రెండూ రాలేదు. తన చెప్పుల్లో ఒకటి విప్పి ఇచ్చింది. తిరిగి వచ్చేదాకా ఇద్దరూ ఒక్కో చెప్పుతోనే నడిచారు, ఒకే సీట్లో కూర్చుని ఒకరి భుజం మీద ఒకరు నిద్రపోయారు. ఆదివారం ఉదయం ఆ రెండు ఇళ్లలోనూ ఒంటి చెప్పు చూసి కేకలు వేసి ఉంటే, జరిగింది ఇదీ.

మూడున్నరకు పడవ కదిలింది. నీటికుక్కలు నాలుగు కనిపించాయి. బావురుపిల్లి కనిపించలేదు, అది రాత్రిపూట వేటకు తిరిగే జంతువు.

నేషనల్ పార్క్ అంటే పాపికొండలు ఉంది కదా, ఈ బురదలోకి ఎందుకని కొందరు అడిగారు. కోరింగ నేషనల్ పార్క్ కాదు, 1978లో అభయారణ్యంగా ప్రకటించారు, విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. కానీ మన పిల్లలు ముందు చూడాల్సింది దీన్నే అని నా గట్టి నమ్మకం. ఇక్కడి రేవులో ఓడలెక్కి మనవాళ్లు బర్మా వెళ్లేవారు, అక్కడ తెలుగువాళ్లను 'కొరంగీలు' అనే పిలిచేవారు. 1839 నవంబరు తుపానులో వచ్చిన ఉప్పెన ఆ రేవును ఊడ్చేసింది. ఆ మాట పడవలో చెబితే పిల్లలు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒకబ్బాయి ఒడ్డున ఉన్న చెట్లకేసి చూసి, "అల వస్తే ముందు వీటికే తగులుతుంది కదా మేడమ్" అన్నాడు.

తర్వాత కోరింగ వెళ్లాల్సింది ఏడో తరగతి వాళ్లు. వాళ్లను తీసుకెళ్లొద్దంటూ ఆదివారం నాకు ఆరు ఫోన్లు వచ్చాయి. మీ భయం నాకు అర్థమవుతుంది. అయినా అడుగుతున్నాను, పంపించండి. ఈసారి పడవ పెద్దాయనతో ముందే మాట్లాడి, పోటు మధ్యాహ్నానికి ముందు అందుకునే రోజు చూసి తేదీ పెడతాం. ప్రతి గంటకూ మీ గ్రూపులో మెసేజ్ వస్తుంది. సంచిలో మార్చుకునే బట్టలు, ఒక జత పాత చెప్పులు తప్పకుండా పెట్టండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు